ట్రాక్టరు తిరగబడకుండా: గట్టుమీదా, దమ్ములోనూ తీసుకోవలసిన జాగ్రత్తలు

ఖరీఫ్ పనులు మొదలయ్యాయంటే ఊళ్ళో ట్రాక్టరుకు క్షణం తీరిక ఉండదు. పగలు దుక్కి, రాత్రి దమ్ము, మధ్యలో ఎరువు తోలకం. ఎకరం, రెండెకరాల రైతుకు సొంత ట్రాక్టరు ఎక్కడిది? బాడుగకు పిలుచుకుంటాడు. బండి మనది కాదు గనుక దాని బాగోగులు యజమానే చూసుకుంటాడులే అనుకుంటాం. కాని పొలం మనది, గట్టు మనది. ట్రాలీ ఎక్కే కూలీలు మన ఇంటివారు, మన వీధివారు. అందుకని సొంత ట్రాక్టరు ఉన్నా లేకపోయినా ప్రతి రైతూ ఈ సంగతులు తెలుసుకోవడం మంచిది.

2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా పి.ఏ.పల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీలతో వెళుతున్న ట్రాక్టరు కాలువలో పడి 9 మంది చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం లక్ష్మాపురం వద్ద మూసీ కాలువలో ట్రాలీ బోల్తాపడి 15 మంది ప్రాణాలు పోయాయి. రెండు చోట్లా చనిపోయినవారిలో ఎక్కువమంది ఆడకూలీలే. పొద్దున పనికని బయల్దేరినవారు మళ్ళీ ఇంటికి రాలేదు.

ట్రాక్టరు ఎందుకు తిరగబడుతుంది?

ట్రాక్టరుకు నాలుగు చక్రాలున్నా అది నిలబడేది ముక్కాలి పీటలాగే. ముందు ఇరుసు మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతూ ఉంటుంది. కాబట్టి వెనక రెండు చక్రాలు, ముందున్న ఆ పిన్ను, ఈ మూడే దానికి ఆధారం. బండి బరువులో సగానికి పైగా వెనక ఇరుసు మీదే ఉంటుంది. పైగా గతుకుల్లో ఆడేందుకని బండిని ఎత్తుగా కడతారు. ఆ బరువు మూడు కాళ్ళ మధ్య ఉన్నంతసేపే క్షేమం. అది ఏ పక్కకు దాటినా బండి తిరగబడుతుంది.

తిరగబడటం రెండు రకాలు. ఒకటి పక్కకు పడటం. ఒక చక్రం గట్టెక్కి రెండోది పల్లంలో ఉన్నప్పుడు, వేగంగా మలుపు తిప్పినప్పుడు, కాలువ అంచు విరిగినప్పుడు ఇది జరుగుతుంది. వేగం రెండింతలైతే మలుపులో బండిని పక్కకు నెట్టే బలం నాలుగింతలవుతుంది. అందుకే మలుపుకు ముందే వేగం తగ్గించాలి గాని మలుపులోకి వెళ్ళాక బ్రేకు తొక్కరాదు.

రెండోది ముందు చక్రాలు లేచి వెనక్కి పడటం. ఇది మరీ ప్రమాదం. ముందు చక్రాలు నేల విడిచాక ముప్పావు సెకనులోనే బండి ఇక ఆగని స్థితికి చేరవచ్చు. ఏం జరుగుతోందో డ్రైవరు గ్రహించేలోగానే స్టీరింగుకూ నేలకూ మధ్య నలిగిపోతాడు. 'పడేటప్పుడు దూకేస్తాలే' అనే ధీమా పనికిరాదు.

గట్టు దాటేటప్పుడు

* ఎత్తయిన గట్టును ఉన్నపళంగా ఎక్కించవద్దు. పారతో చెక్కి రెండు వైపులా వాలు చేయండి. పావుగంట పని, ప్రాణానికి భరోసా.
* గట్టుకు నేరుగా, ఎదురుగా దాటాలి. ఏటవాలుగా దాటితే ఒక చక్రం ముందు లేచి బండి ఒరుగుతుంది.
* నిటారు మెరకను బరువైన పనిముట్టుతో ముందుకు ఎక్కేకంటే రివర్సు గేరులో వెనక్కి ఎక్కడం మేలు.
* కాలువ ఎంత లోతుందో కనీసం అంత దూరం అంచు నుంచి ఎడంగా నడపాలి. అయిదడుగుల లోతు కాలువకు అయిదడుగులు ఎడం. వానకు నానిన గట్టయితే ఇంకా ఎడంగా పోవాలి. గడ్డి పెరిగి అంచు కనిపించని చోట ముందే కర్రలు పాతి గుర్తు పెట్టండి. ఇది పొలం రైతు చేయవలసిన పని. గుంత ఎక్కడుందో, పాతబావి ఎక్కడుందో బాడుగకు వచ్చిన డ్రైవరుకు ఏం తెలుస్తుంది?
* దిగుడులో న్యూట్రల్ చేయడం, క్లచ్ తొక్కి పట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి.

దమ్ములో దిగబడితే

దమ్ములో చక్రం దిగబడటం మామూలే. అప్పుడు చాలామంది చేసే పని వెనక చక్రాలకు అడ్డంగా దుంగ కట్టడమో, చక్రం ముందు మొద్దు వేయడమో. ఇది చాలా ప్రమాదం. చక్రం తిరగడానికి వీల్లేకపోతే ఇంజను బలమంతా బండినే ఎత్తుతుంది. ముందు భాగం గాల్లోకి లేచి వెనక్కి పడుతుంది. క్లచ్ ఒక్కసారిగా వదిలినా ఇంతే.

దిగబడితే ముందు ఇంజను ఆపాలి. చక్రాల వెనక బురద తవ్వి రివర్సులో నెమ్మదిగా రావాలి. రాకపోతే వేరే ట్రాక్టరుతో లాగించాలి. లాగే గొలుసు ఎప్పుడూ కింద ఉండే డ్రాబారుకే కట్టాలి. పైనున్న టాప్ లింకుకు గాని, ఇరుసుకు గాని కడితే ముందు చక్రాలు లేస్తాయి. గొలుసు తెగితే కొరడాలా వచ్చి కొడుతుంది కనుక చుట్టూ ఎవరినీ నిలబడనీయకండి.

ముందు బకెట్ ఉన్న బండి

పెంట, మట్టి ఎత్తడానికి ట్రాక్టరు ముందు లోడరు బకెట్ బిగించడం ఇప్పుడు ఎక్కువయింది. బస్తాలు ఎత్తే ఫోర్క్‌లిఫ్టుకు ఏ సూత్రమో దీనికీ అదే: బరువు ఎంత పైకి లేస్తే బండి అంత సులువుగా ఒరుగుతుంది. నిండు బకెట్టుతో నడిచేటప్పుడు అది నేలకు అడుగు ఎత్తులోనే ఉండాలి. ట్రాలీ పక్కన ఆగాకే పైకి ఎత్తాలి. ఎత్తిన బకెట్ కింద నిలబడటం, పిల్లలను బకెట్టులో ఎక్కించడం కూడదు. పని కాగానే బకెట్టునూ, వెనక పనిముట్టునూ నేలకు దించి తాళం తీయాలి. హైడ్రాలిక్ గొట్టం కారుతుంటే చేత్తో తడమవద్దు. సన్నని రంధ్రం నుంచి వచ్చే నూనె సూదిలా చర్మంలోకి దూరుతుంది. అట్టముక్క పెట్టి చూడండి.

పి.టి.ఓ. షాఫ్టు, రోటవేటరు

పి.టి.ఓ. షాఫ్టు సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. పంచె కొంగో, చీర చెరగో, భుజాన తుండో దాన్ని తాకితే కేక వేసేలోగా మనిషిని లాగేస్తుంది. షాఫ్టు మీద తొడుగు లేని పనిముట్టును పొలంలో దించనీయకండి. నూర్పిడి యంత్రం దగ్గర పనిచేసే ఆడవాళ్ళు కొంగు బిగించి, జడ ముడి వేసుకోవాలి. తిరుగుతున్న షాఫ్టును దాటవద్దు. రోటవేటరు కత్తులకు చుట్టుకున్న గడ్డి తీయాలంటే ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

మడ్‌గార్డు సీటు కాదు

ట్రాక్టరు మీద ఒక్క డ్రైవరుకే చోటు. మడ్‌గార్డు మీద కూర్చున్నవారు చిన్న కుదుపుకే వెనక చక్రం కింద, లేదా రోటవేటరు కింద పడతారు. పిల్లవాడు ముచ్చటపడుతున్నాడని ఎక్కించడం అన్నింటికన్నా పెద్ద తప్పు. ఎరువు తోలే ట్రాలీ మనుషులు ఎక్కే బండి కాదు. అందులో ఎక్కినవారికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పరిహారానికి ఒప్పుకోకపోవచ్చు. కోర్టుల చుట్టూ తిరగవలసింది పేద కుటుంబమే. పది రూపాయలు ఎక్కువైనా కూలీలను ఆటోలో, అదీ లెక్కకు మించకుండా పంపడం మేలు. దగ్గరి పొలమైతే నడకే క్షేమం.

రోడ్డెక్కేముందు

ట్రాక్టరుకు ఎడమ, కుడి చక్రాలకు రెండు బ్రేకు పెడళ్ళుంటాయి. పొలంలో మలుపుకోసం విడివిడిగా వాడుకున్నా, రోడ్డు మీదికి రాగానే రెంటినీ కొక్కెంతో కలపాలి. మరచిపోయి ఒక్కటే తొక్కితే బండి గిరుక్కున తిరిగి బోల్తాపడుతుంది. ట్రాలీ వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు అంటించాలి. రాత్రిపూట చెడిపోయిన ట్రాలీని రోడ్డు మీద దీపం లేకుండా వదిలేస్తే వెనక వచ్చే మోటారుసైకిలువాడి ప్రాణం పోతుంది.

గడ్డి, పత్తి తోలేటప్పుడు కరెంటు తీగలు చూసుకోవాలి. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర కూలీలున్న ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొంటే తీగలు మీదపడి కూలీలు చనిపోయారు. తీగ తగిలితే డ్రైవరు సీటులోనే ఉండి, కరెంటు తీసేదాకా ఎవరినీ దగ్గరికి రానీయరాదు. మంటలు లేస్తే మాత్రం బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్ళూ జోడించి దూరంగా దూకాలి. తర్వాత పాదాలు ఎత్తకుండా, చిన్నచిన్నగా జరుపుకుంటూ దూరం పోవాలి.

రక్షణ చట్రం మాట

సీటు వెనక నిలబెట్టే గట్టి ఇనుప చట్రం బండి తిరగబడినా డ్రైవరు నలిగిపోకుండా కాపాడుతుంది. స్వీడన్‌లో 1959 నుంచే కొత్త ట్రాక్టర్లకు దీన్ని తప్పనిసరి చేశారు. అక్కడ బోల్తాపడి చనిపోవడం బాగా తగ్గిపోయింది. కొత్త ట్రాక్టరు కొనేవారు ఈ చట్రం ఉన్నదే అడగండి. ఒక్క మాట గుర్తుంచుకోవాలి: చట్రం ఉంటేనే సీటు బెల్టు పెట్టుకోవాలి. చట్రం లేని బండిలో బెల్టు పెట్టుకోకూడదు. నీడకోసం వేసే రేకు టాపు రక్షణ చట్రం కాదు.

రోజూ చూడవలసినవి

బండి బాగుంటేనే బ్రేకు పడుతుంది, స్టీరింగు మాట వింటుంది.

* ప్రతిరోజూ: చదునైన చోట ఆపి, కొంతసేపయ్యాక ఇంజను ఆయిలు చూడాలి. రేడియేటరు నీళ్ళు, టైర్లలో గాలి, చక్రాల నట్లు, ట్రాలీ పిన్ను చూసుకోవాలి. వేడి మీద రేడియేటరు మూత తీస్తే ముఖం కాలుతుంది.
* దుమ్ములో పనిచేసినప్పుడు: ఎయిర్ క్లీనరును రోజూ శుభ్రం చేయాలి. దుమ్ము లోపలికి పోతే ఇంజను త్వరగా అరిగిపోతుంది.
* 50 గంటలకు: గ్రీజు నిపుల్స్ అన్నింటికీ గ్రీజు కొట్టాలి. ఫ్యాను బెల్టు బిగువు, బ్యాటరీలో నీళ్ళు, క్లచ్, బ్రేకు పెడళ్ళ ఆట చూడాలి.
* సుమారు 250 గంటలకు: కంపెనీ పుస్తకంలో చెప్పిన ప్రకారం ఇంజను ఆయిలు, ఫిల్టరు మార్చాలి.
* దమ్ము పని అయ్యాక: బ్రేకులు, చక్రాల బేరింగులు బురద పట్టాయేమో చూపించుకోవాలి.
* డీజిలు సాయంత్రం పని అయ్యాక, ఇంజను చల్లబడ్డాక పోయించాలి. రాత్రి ట్యాంకులో నీటి తేమ చేరదు. దగ్గర బీడీ వెలిగించరాదు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు, పొగలో విషవాయువు ఉంటుంది.

బాడుగ రైతు అడగవలసిన అయిదు ప్రశ్నలు

ట్రాక్టరు మీ పొలంలో దిగేముందు అయిదు నిమిషాలు ఆపండి. డ్రైవరుకు లైసెన్సు ఉందా? తాగి లేడు కదా, రాత్రంతా నిద్రలేకుండా నడిపి రాలేదు కదా? బ్రేకులు పడుతున్నాయా? షాఫ్టుకు తొడుగు ఉందా? పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకున్నాడా? జవాబు నచ్చకపోతే మరో బండి పిలవండి. 'అదను దాటిపోతుంది' అని భయపడతాం. ఒకరోజు ఆలస్యమైతే పంటకు పెద్ద నష్టం లేదు.

డ్రైవింగు, మరమ్మతు నేర్చుకోదలచిన యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఊరికి ఇద్దరు నేర్చుకొని వచ్చినా ఊరందరికీ మేలు.

ప్రమాదం జరిగితే ముందు ఇంజను ఆపండి, 108కి ఫోను చేయండి. బండి కింద చిక్కుకున్నవారిని కంగారులో ఎలాబడితే అలా లాగవద్దు. బండి జరగకుండా చక్రాలకు మొద్దులు అడ్డం పెట్టాకే సాయానికి దిగండి.