ఇండియన్ రన్నర్ బాతు: లక్షణములు, ప్రయోజనములు

ఉపోద్ఘాతము

మన ప్రాంతమున కోడికి లభించిన ఆదరము బాతుకు లభింపలేదు. తెలుగున బాతు అనియు, ఉర్దూన బతఖ్ అనియు పిలువబడు ఈ పక్షి పేరు వినగానే మనకు గుర్తుకు వచ్చునవి చెరువు, బురద, అటునిటు ఊగుచు సాగు మందమైన నడక. కాని ఊగక, ఒడలు నిటారుగా నిలిపి, వడివడిగా పరుగెత్తు బాతుజాతి ఒకటి కలదు. అదియే ఇండియన్ రన్నర్. చూచుటకు వింతగా ఉండు ఈ పక్షి రైతునకు మిక్కిలి ఉపకారి. దీనిని గురించి విద్యార్థులు తెలిసికొనదగిన విషయములను సంగ్రహముగా వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

పేరు, జన్మస్థానము

పేరులో ఇండియన్ అను మాట ఉన్నను ఇది భారతదేశపు జాతి కాదు. దీని స్వస్థలము నేటి ఇండోనేషియాలోని జావా, బాలి, లంబోక్ దీవులు. పూర్వము ఐరోపావారు ఆ దీవులను ఈస్ట్ ఇండీస్ అని పిలిచెడివారు. 19వ శతాబ్దమున ఓడల ద్వారా ఈ బాతులు ఇంగ్లండు చేరినవి. కావున పేరును బట్టి మాత్రమే పుట్టుకను నిర్ణయింపరాదు.

ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1856లో లంబోక్ దీవిని దర్శించెను. 1869లో ప్రకటించిన ‘ది మలయ్ ఆర్కిపెలాగో’ గ్రంథమున, అచ్చట పెంగ్విన్ వలె నిలువుగా నడచు బాతులను పెద్ద గుంపులుగా పెంచుచున్నారని ఆయన వ్రాసెను. ఓడలవారు వానికి ‘బాలి సిపాయిలు’ అని పేరు పెట్టిరట! వరుస తప్పక నడచు ఆ గుంపును చూచినవారికి ఆ పేరు తగియున్నదనిపించును. 1868లో వెలువడిన డార్విన్ గ్రంథమునందు కూడ ఈ జాతి ‘పెంగ్విన్ బాతు’ అను పేరున పేర్కొనబడినది.

శరీర నిర్మాణము

రన్నర్ బాతు దేహము సన్నగా, గొట్టమువలె ఉండును. మెడ పొడవు. తల చిన్నది. నిలుచున్నప్పుడు మగబాతు రమారమి 65 నుండి 75 సెంటీమీటర్ల ఎత్తుండును. ఆడబాతు కొంత పొట్టి. బరువు మాత్రము స్వల్పము. సామాన్యముగా ఒకటిన్నర మొదలు రెండుంబావు కిలోల వరకే ఉండును. తెలుపు, గోధుమ, నలుపు మొదలగు పెక్కు రంగులలో ఇవి లభించును.

ఈ నిటారుతనమునకు కారణ మేమి? సామాన్యపు బాతు దేహము నేలకు ఇంచుమించు సమాంతరముగా ఉండును. రన్నర్ బాతునకు కటివలయము, కాళ్లు తోకవైపునకు మరింత వెనుకగా అమరియున్నవి. కావున దేహభారము కాళ్లపై నిలుచుటకు అది ఒడలిని పైకెత్తవలసి వచ్చును. ఈ అమరిక వలననే ఇది ఊగుటకు బదులు పరుగెత్తగలుగుచున్నది. ఇది ఎగురలేదు. బెదరినప్పుడు చెల్లాచెదరు కాక గుంపుగా ఒకే దిక్కునకు పరుగెత్తును. అందువలననే పాశ్చాత్య దేశములలో గొర్రెల కాపరి కుక్కలకు శిక్షణ నిచ్చుటకు కూడ ఈ బాతులను వాడుదురు.

వింత రూపము కలదైనను ఇది వేరు జీవజాతి కాదు. మస్కోవీ బాతు తప్ప పెంపుడు బాతులన్నియు అనాస్ ప్లాటిరింకోస్ అను అడవిబాతు సంతతియే. మగబాతు తోకపై పైకి చుట్టుకొనియుండు ఈకలు ఈ బంధుత్వమునకు ఒక నిదర్శనము. అడవిబాతుతో పోల్చినప్పుడు, మొత్తము అస్థిపంజరపు బరువులో పెంపుడు బాతు రెక్కల ఎముకల వంతు తక్కువ, కాళ్ల ఎముకల వంతు ఎక్కువ అని డార్విన్ 1859లోనే తెలిపెను. ఎగురుట తగ్గి నడక పెరుగుటయే ఇందుకు కారణమని ఆయన భావించెను. మనుష్యుని ఎంపిక జీవి నిర్మాణము నెంతవరకు మార్చగలదో గ్రహించుటకు రన్నర్ బాతు చక్కని ఉదాహరణము.

ప్రయోజనములు

మొదటిది గ్రుడ్లు. మంచి వంశపు ఆడబాతు సంవత్సరమునకు 150 నుండి 200 వరకు గ్రుడ్లు పెట్టును. వీనిలో పెక్కు నీలి ఆకుపచ్చ ఛాయ కలవి. అయితే ఇది సాధారణముగా పొదుగుటకు కూర్చుండదు. కోడిక్రింద గాని, పొదుగు యంత్రమునందు గాని ఉంచినచో 28 దినములలో పిల్లలు వెలువడును.

రెండవది సంకర జాతుల అభివృద్ధి. ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్ నివాసిని అడెల్ క్యాంప్‌బెల్ రన్నర్ బాతును రూయెన్ జాతితోను, అడవిబాతుతోను కలిపి 1898లో ఒక క్రొత్త జాతిని లోకమునకు పరిచయము చేసెను. అందుండియే ఖాకీ క్యాంప్‌బెల్ ఏర్పడినది. ‘ఖాక్’ అనగా ధూళి యని ఉర్దూ విద్యార్థులకు వేరుగ చెప్పనక్కరలేదు. నాటి ఆంగ్ల సైనికుల దుస్తుల రంగును బట్టి ఈ పేరు కలిగినది. మంచి పోషణలో ఈ జాతి ఏడాదికి 300 వరకు గ్రుడ్లు పెట్టగలదు. మన దేశమునందును ఇది ప్రసిద్ధమైనది.

మూడవది, రైతునకు ముఖ్యమైనది, పొలము సేవ. బాలి ద్వీపమున రైతులు బాతులను ఉదయము వరిపొలములకు తోలుకొనిపోయి సాయంత్రము ఇంటికి మరల్చుట చిరకాలపు ఆచారము. ఇవి నత్తలను, పురుగులను, లేత కలుపును తినును. కాళ్లతో నీటిని కలచుటచే కలుపు మొలకెత్తుట తగ్గును. రెట్ట ఎరువగును. జపానులో తకావో ఫురునో అను రైతు 1988 నుండి వరియు బాతులును కలిసి పెరుగు పద్ధతిని అనుసరించి ప్రసిద్ధికెక్కెను. ఆయన వాడినది రన్నర్ కాదు, అయిగమో అను సంకర బాతు. సూత్రము మాత్రము ఒక్కటియే. దక్షిణాఫ్రికాలోని ద్రాక్షతోటలలో నత్తల నివారణకు రన్నర్ బాతులనే వాడుదురు. అవి గుంపు విడువక వరుసల నడుమ సాగిపోవుట అచ్చట ఎంతో అనుకూలము.

మన కృష్ణా, గోదావరి డెల్టాలలోను, నెల్లూరు ప్రాంతమునను కోతల తరువాత బాతుల మందలను పొలమునుండి పొలమునకు తోలు కాపరులు కలరు. రాలిన గింజలు, నత్తలు ఆ బాతులకు ఆహారము. అవి నాటు బాతులే యైనను, బాలి రైతుకు తెలిసిన సత్యమే మన కాపరులకును తెలియును.

పోషణలో జాగ్రత్తలు

ఈదుటకు చెరువు లేకున్నను రన్నర్ బాతు బ్రతుకును. కాని ముక్కును, కన్నులను ముంచి కడుగుకొనునంత లోతుగల నీటి తొట్టి తప్పనిసరి. మేతతో పాటు నీరు లేనిచో మ్రింగుట కష్టము. బాతుపిల్లలకు నియాసిన్ విటమిన్ కోడిపిల్లలకంటె ఎక్కువగా కావలెను. అది కొరవడినచో కాళ్లు వంకరపోవును. వేసవిలో నీడ, రాత్రి నక్కలనుండి, కుక్కలనుండి రక్షణ అవసరము. బాతు ప్లేగునకు టీకా వేయించవలెను.

వేరుసెనగ పండు ప్రాంతములవారు మరియొక విషయమును మరువరాదు. బూజుపట్టిన వేరుసెనగ చెక్కలో అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. పెంపుడు పక్షులలో దీనికి శీఘ్రముగా లోబడునవి బాతుపిల్లలు. 1960లో ఇంగ్లండున వేలకొలది టర్కీ కోళ్లు, బాతుపిల్లలు ఇట్టి మేత వలననే చనిపోగా ఈ విషము వెల్లడి అయినది. చౌకగా వచ్చినదని బూజు చెక్కను మేపినచో పేదవాని పెట్టుబడి కొన్ని దినములలో నశించును. అట్లే పురుగుమందు చల్లిన పొలమున బాతులను విడువరాదు. వెన్నులు తీసిన పిదప కూడ పొలమునుండి తొలగింపవలెను. లేనిచో గింజను తినివేయును.

ఉపసంహారము

తూనికలో చూచినచో రన్నర్ బాతు అల్పము. మాంసము కోరువారికి ఇది లాభకరము కాదు. గ్రుడ్లకు ఖాకీ క్యాంప్‌బెల్ దీనిని మించినది. అయినను ఆ మేలుజాతికి తల్లివేరు ఇదియే. మాతృజాతి నశించినచో రేపటి సంకరములకు ఆధారము ఉండదు. పొలములలో విషము పెరిగినచో బాతుకు చోటుండదు. బాతు పోయినచో ఆ పనికి మరల విషమునే కొనవలసి వచ్చును. ఈ రెండు విషయములను వ్యవసాయ కుటుంబములనుండి వచ్చిన విద్యార్థులు బాగుగా ఆలోచింపవలెను.

అస్థిపంజరములను తూచి డార్విన్ చేసిన పరిశీలనకు పెద్ద పరికరములు అక్కరలేదు. సంతలో లభించు నాటుబాతు ఎముకలు, ఒక సున్నితపు త్రాసు చాలును. రెక్కల ఎముకల బరువును, కాళ్ల ఎముకల బరువును మొత్తముతో పోల్చిచూచుట జంతుశాస్త్ర విద్యార్థులకు చక్కని అభ్యాసము కాగలదు. కళాశాల కమిటీవారు ఇట్టి చిన్న ప్రయత్నములను ప్రోత్సహించినచో, పాఠ్యగ్రంథమున చదివిన పరిణామ సిద్ధాంతము విద్యార్థికి స్వయముగా తూచి తెలిసికొన్న సత్యమగును.