మీ మనసులో పాట వాళ్లకు వినిపించదు

ఇంజినీరింగ్‌లో చేరి నెల రోజులైంది. లంచ్ బెల్ కొట్టగానే మీరు బాక్స్ పట్టుకుని చివరి బెంచీకి వెళ్లిపోతారు. అందరితో కలిసి తినాలనే ఉంటుంది. కానీ ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్‌లో తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనని భయం.

క్లాస్‌కి మీ భయం కనిపించలేదు. మౌనం ఒక్కటే కనిపించింది. 'వీడికి బాగా పొగరు' అనేశారు.

బాధేస్తుంది. అది సహజమే. కానీ ఆ ముద్ర మోస్తూ నాలుగేళ్లు గడపాల్సిన పని లేదు. దాన్ని చెరిపే శక్తి మీకుంది.

ఎందుకిలా జరుగుతుంది?

1990లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ న్యూటన్ ఒక ప్రయోగం చేశారు. కొందరు అందరికీ తెలిసిన పాటను మనసులో అనుకుని, దాన్ని టేబుల్ మీద వేళ్లతో కొట్టాలి. ఎదుటివాళ్లు అదేం పాటో చెప్పాలి. సగం కనిపెట్టేస్తారని కొట్టినవాళ్లు అంచనా వేశారు. 120 పాటల్లో కనిపెట్టగలిగింది మూడే!

కొట్టేవాళ్ల చెవుల్లో పాట మొత్తం మోగుతోంది. వినేవాళ్లకు అందింది వట్టి టకటక చప్పుడు.

క్లాస్‌లోనూ అంతే. మీ భయం, మొహమాటం, మంచితనం అన్నీ మీ లోపలి పాట. పాట వినిపించనప్పుడు వాళ్లకు తోచింది వాళ్లు ఊహించుకుంటారు. చాలాసార్లు అందులో పగ ఉండదు. సమాచారం లేకపోవడమే ఉంటుంది. ఆ సమాచారం మీరే ఇవ్వాలి. ఇలా మొదలుపెట్టండి.

1. గ్రూప్‌లో జవాబు పెట్టకండి

వాట్సాప్‌లో ఎవరో ఏదో అన్నారు. వేళ్లు ఉరకలేస్తాయి. ఫోన్ పక్కన పెట్టండి. ఒక రాత్రి గడవనివ్వండి.

జస్టిన్ క్రూగర్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనం చూడండి. తమ ఈమెయిల్ వెటకారమో సీరియస్సో చదివేవాళ్లు 78 శాతం సార్లు పసిగడతారని రాసినవాళ్లు నమ్మారు. నిజానికి పసిగట్టింది 56 శాతం. బొమ్మా బొరుసూ వేసి చెప్పినట్టే! మెసేజ్‌తో పుట్టిన అపార్థాన్ని ఇంకో మెసేజ్‌తో తీర్చలేం.

2. రెండు గడులు గీయండి

నోట్‌బుక్ తీయండి. ఒక గడిలో 'జరిగింది', రెండో గడిలో 'నేను అనుకున్నది' అని రాయండి.

'వాళ్లిద్దరూ నన్ను చూసి నవ్వారు.' ఇందులో 'నవ్వారు' జరిగింది. 'నన్ను చూసి' మీరు అనుకున్నది. వాళ్లు మిమ్మల్ని అపార్థం చేసుకున్నట్టే, మీరూ వాళ్లను చేసుకుంటూ ఉండొచ్చు.

కార్నెల్ యూనివర్సిటీలో థామస్ గిలోవిచ్ బృందం కొందరు విద్యార్థులకు ఇబ్బందిగా అనిపించే టీషర్ట్ తొడిగి, తోటివారున్న గదిలోకి పంపింది. సగం మంది గమనించి ఉంటారని టీషర్ట్ వేసుకున్నవాళ్లు అనుకున్నారు. గమనించింది దాదాపు పావు వంతే. అందరి కళ్లూ మీ మీదే ఉన్నాయనుకోకండి.

3. ఒక్కరితో మాట్లాడండి

క్లాస్ మొత్తాన్ని మార్చాలనుకోకండి. కాస్త నెమ్మదస్తులైన ఒకరిని ఎంచుకోండి. ల్యాబ్ అయ్యాకో, బస్సు కోసం నిలబడ్డప్పుడో ఎదురుగా మాట్లాడండి. మూడు ముక్కలు చాలు:

- ఏం జరిగింది: 'ఆ రోజు నోట్స్ అడిగితే నేనివ్వలేదు.'
- అసలు కారణం: 'ఆ చాప్టర్ నేనూ రాయలేదు. చెప్పడానికి మొహమాటపడ్డాను.'
- ముందుకు: 'ఈసారి కలిసి రాసుకుందామా?'

అక్కడితో ఆపండి. సంజాయిషీ సాగదీస్తే మళ్లీ అనుమానం పుడుతుంది.

4. తప్పు మీదైతే ఒప్పుకోండి

'సారీ' చెప్పండి. ఆ వెంటనే 'కానీ' అనకండి. 'కానీ' వచ్చిందంటే సారీ పోయినట్టే.

5. నెల రోజులు ఇవి వదలకండి

- రోజూ ఒకరిని పేరు పెట్టి పలకరించండి.
- వారానికి ఒకసారైనా క్లాస్‌లో డౌట్ అడగండి. తెలుగులో అడిగినా తప్పు లేదు.
- అక్కడ లేనివాళ్ల గురించి మాట్లాడే కబుర్లలో కూర్చోకండి.
- ఇస్తానన్న రికార్డు, వస్తానన్న టైమ్ తప్పకండి.

ఒక్క మాటతో పడిన ముద్ర ఒక్క మాటతో పోదు. రోజూ కనిపించే నడవడికతో పోతుంది.

ఒక గీత మాత్రం గీసుకోండి

అపార్థం వేరు, వేధింపు వేరు. నిజం చెప్పాక కూడా పదే పదే అవమానిస్తున్నారా? బెదిరిస్తున్నారా? ఓర్చుకోకండి. లెక్చరర్‌కి, ఇంట్లో అమ్మానాన్నలకి చెప్పండి. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం ర్యాగింగ్ నిషిద్ధం. ర్యాగింగ్ ఫిర్యాదులకు 1800-180-5522 ఉంది. మనసు మరీ కుంగిపోతే ప్రభుత్వ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. సాయం అడగడం ధైర్యవంతుల పని.

ఇంత చేసినా ఒకరిద్దరు మారరు. వాళ్లను వదిలేయండి. మిమ్మల్ని సరిగ్గా అర్థం చేసుకున్న ఇద్దరు స్నేహితులుంటే కాలేజీ జీవితం నిండుగా గడిచిపోతుంది.

రేపు మళ్లీ లంచ్ బెల్ కొడుతుంది. బాక్స్ పట్టుకుని పక్క బెంచీకి వెళ్లండి. 'నేనూ కూర్చోనా?' అని అడగండి. మీ పాటలో మొదటి మాట అదే.