నెల్లూరు వరి రకాల జన్యు వైవిధ్యం: డీఎన్‌ఏ మార్కర్లతో మదింపు

సారాంశం

వరి ప్రజననంలో జనకాల ఎంపికకు బాహ్య లక్షణాలు, వంశక్రమం మాత్రమే చాలవు. నెల్లూరు మసూరి వంశక్రమం ఉదాహరణగా, ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లతో జన్యు దూరాన్ని అంచనా వేసే విధానాన్ని, దాని పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది.

ముఖ్య పదాలు: వరి, జన్యు వైవిధ్యం, ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లు, నెల్లూరు మసూరి

వంశక్రమం

నెల్లూరు ప్రాంతంలో పూర్వం మొలగొలుకులు ప్రసిద్ధమైన వరి. తరువాత పొట్టి రకాలు విస్తరించాయి. నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన ఎన్‌ఎల్‌ఆర్ 34449 (నెల్లూరు మసూరి) ఐఆర్ 72, బీపీటీ 5204 రకాల సంకరణం నుండి వచ్చింది. బీపీటీ 5204 (సాంబ మసూరి) వంశంలో జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి ఉన్నాయి. లెక్క ప్రకారం నెల్లూరు మసూరిలో మసూరి వాటా 25 శాతం, మిగిలిన రెండింటి వాటా 12.5 శాతం చొప్పున ఉండాలి. ఇది సగటు అంచనా మాత్రమే. తరతరాల ఎంపికతో వాస్తవ వాటా మారుతుంది. పైగా పొట్టిదనానికి మూలమైన దీ-జియో-వూ-జెన్ రెండు జనకాల పూర్వీకులలోనూ ఉంది. పేర్లు వేరైనా మూలాలు కలుస్తున్నాయి.

మదింపు విధానం

లేత ఆకుల నుండి డీఎన్‌ఏను వేరుచేసి, 12 జతల క్రోమోజోములలోనూ విస్తరించి ఉండేలా ఎంచుకున్న ఎస్‌ఎస్‌ఆర్ ప్రైమర్లతో పీసీఆర్ జరుపుతారు. చిన్న పునరావృత క్రమాల సంఖ్య రకానికీ రకానికీ మారుతుంది కనుక జెల్‌పై పట్టీల స్థానం మారుతుంది. ఒక్కొక్క స్థానం ఒక యుగ్మవికల్పం.

ఒక మార్కరు వైవిధ్యాన్ని, యుగ్మవికల్పాల పౌనఃపున్యాల వర్గాల మొత్తాన్ని 1 నుండి తీసివేసి గణిస్తారు. ఉదాహరణకు 10 రకాలలో మూడు యుగ్మవికల్పాలు వరుసగా 5, 3, 2 రకాలలో ఉంటే విలువ 1 – (0.25 + 0.09 + 0.04) = 0.62. అవి రెండే ఉండి 9, 1 రకాలలో కనిపిస్తే విలువ 0.18, అన్నింటిలో ఒకటే ఉంటే 0. విలువ ఎక్కువైన మార్కర్లు రకాలను బాగా వేరుచేస్తాయి. అన్ని మార్కర్ల సమాచారంతో జతల వారీ సారూప్యతను గణించి, రకాలను సమూహాలుగా విభజిస్తారు.

పరిమితులు

జన్యు దూరం ఉపయోగానికి కొలత కాదు. 2008లో విడుదలైన మెరుగుపరచిన సాంబ మసూరి ఇందుకు నిదర్శనం. ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ21 జన్యువులను తిరుగు సంకరణాల ద్వారా చేర్చిన ఈ రకం సాధారణ మార్కర్లలో మాతృ రకానికి అతి సమీపంగా కనిపిస్తుంది. పొలంలో మాత్రం బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకుంటుంది. కాబట్టి అగ్గి తెగులు వంటి సమస్యకు, టెటెప్ నుండి గుర్తించిన పీఐ54 వంటి నిరోధక జన్యువుల మార్కర్లను విడిగా పరీక్షించాలి.

ముగింపు

1970లో అమెరికాలో ఒకే రకమైన కణద్రవ్యం గల మొక్కజొన్న సంకర రకాలు విస్తారంగా సాగవడంతో ఆకుమాడు తెగులు తీవ్ర నష్టం కలిగించింది. అందుచేత విస్తరణ శాస్త్రవేత్తలు ఒక ప్రాంతానికి రకాలను సూచించేటప్పుడు పేర్ల సంఖ్యనే చూడరాదు. వాటి జన్యు దూరాన్ని, తెగులు నిరోధకత మూలాన్ని కూడా పరిగణించాలి. ప్రజననకారులు మంచి దిగుబడి, గింజ నాణ్యత గల రకాలలో నుండే పరస్పరం దూరమైన జనకాలను ఎంచుకోవడం శ్రేయస్కరం.