కాలువ నీటిలో ఉప్పునీరు కలుపుటకు అగు ఖర్చు

దివిసీమలో నాగాయలంక, కోడూరు మొదలుకొని బందరు, బంటుమిల్లి, కృత్తివెన్ను వరకు గల శివారు ఆయకట్టులో నీటి ఎద్దడి వచ్చినపుడెల్ల రైతులు చేయు పని ఒకటి కలదు. కాలువ పారుదల తగ్గగానే మురుగు కాలువ మీదనో, బోరు మీదనో ఇంజను పెట్టి, ఆ నీటిని బోదెలోని కాలువ నీటితో కలిపి వరిచేనికి పెట్టుదురు. గుడివాడ వైపు మురుగు నీరు కొంత నయముగా ఉండవచ్చును. సముద్రమునకు చేరువైన కొలది ఉప్పు హెచ్చును. కలిపినచో ఉప్పు విరిగిపోవునని పలువురి నమ్మకము. విరుగునది రుచియే, ఉప్పు మాత్రము తరుగదు.

ఈ సంగతి లెక్క వేసి చూచినగాని తేలదు. నీటిలోని ఉప్పును ఇ.సి. అను కొలతతో చెప్పుదురు. 1 ఇ.సి. గల నీటిలో లీటరుకు సుమారు 640 మిల్లీగ్రాముల లవణముండును. సముద్రపు నీరు 50 ఇ.సి. ప్రాంతమున ఉండును. ఎకరమున ఒక అంగుళము నీరు నిలుపుటకు సుమారు 1,02,800 లీటర్లు కావలెను. అనగా 1 ఇ.సి. నీటిని అంగుళము పెట్టిన ప్రతి తడవ, ఎకరమునకు 66 కిలోల ఉప్పు మీ చేతితో చల్లినట్లే. నీరు ఎండకు ఆవిరియగును. ఉప్పు చేనిలోనే ఉండిపోవును.

వరికి సుమారు 2 ఇ.సి. వరకు సాగునీరు పనికివచ్చును. అది 3.4 అయినచో దిగుబడిలో నాలుగవ వంతు, 4.8 అయినచో సగము పోవునని శాస్త్రజ్ఞుల అంచనా. ఈ అంచనా కూడ ఉప్పు కొంత నేలలోనుండి కిందికి దిగిపోవునను లెక్క మీద వేసినది. మన డెల్టా నల్లరేగడి భూములలో నీరు అంత సులభముగా దిగదు గనుక, ఇక్కడ జాగ్రత్త మరింత అవసరము.

ఇపుడు కలుపుడు లెక్క చూడుడు. కాలువ నీరు 0.5, బోరు నీరు 4 ఇ.సి. అనుకొందము. మిశ్రమము 2 ఇ.సి.లో ఉండవలెనన్నచో 100 బిందెలలో 57 కాలువవి, 43 బోరువి కావచ్చును. ఇది కొంత గిట్టుబాటే. అదే బోరు నీరు 8 ఇ.సి. అయినచో 80 బిందెల కాలువ నీటికి 20 బిందెలు మాత్రమే చేర్చవచ్చును. అనగా 8 అంగుళముల మంచి నీటిని పాడుచేసి 2 అంగుళములు సంపాదించుచున్నారు. ఆ 2 అంగుళములతో ఎకరమునకు వచ్చిపడు ఉప్పు సుమారు 1,050 కిలోలు, అనగా పది క్వింటాళ్లకు పైమాట. దానిని కడిగివేయుటకు మరల మంచినీరే కావలెను. కాలువ నీరే చాలనప్పుడు ఆ కడుగు నీరెక్కడిది?

డీజిలు ఖర్చు దీనికి అదనము. మీ ఇంజను ఎంత నీరు పోయుచున్నదో 200 లీటర్ల పీపాతో చూచుకొనుడు. పీపా 20 సెకండ్లలో నిండినచో, ఎకరమునకు అంగుళము పెట్టుటకు మూడు గంటలకు కొంచెము తక్కువ పట్టును. గంటకు ఇంజను తాగు డీజిలు ధర కట్టి, దానితో వచ్చు ఉప్పును కూడ పక్కన వ్రాసుకొనుడు. చాలమంది మొదటిది వ్రాయుదురు, రెండవది మరతురు. కాలువ నీరు కూడ ఊరక వచ్చునది కాదు. 2015 నుండి పట్టిసీమ వద్ద 24 పంపులతో గోదావరి నీటిని ఎత్తి కృష్ణకు చేర్చుచున్నారు. అట్లు కరెంటు ఖర్చుతో వచ్చిన నీటిని ఉప్పు మురుగులో కలుపుట తెలివి గల బేరము కాదు.

అందుచేత బోరు నీరు 4 ఇ.సి. దాటినచో కలుపవద్దు. అంతకు లోపున్నను, కలుపుటకంటె వంతులవారీగా పెట్టుట మేలు. నారుమడికి, నాటిన మొదటి మూడు వారములకు, పొట్ట నుండి పూత వరకు కాలువ నీరే ఉంచుడు. లేత పైరు, పూత ఈ రెండే ఉప్పుకు తాళలేవు. పిలక దశలో పైరు కొంత ఓర్చుకొనును. చౌడు నీరు పెట్టవలసి వచ్చినచో అపుడే పెట్టి, కాలువ రాగానే ఆ నిలువ నీటిని పూర్తిగా తీసివేసి కొత్త నీరు పెట్టుడు. మురుగు బోదెలు పూడియున్నచో ఇది సాగదు. ముందు వానిని తవ్వించుకొనవలెను.

తీరపు ఇసుక భూములలో ఉప్పునీటిపై పలుచని మంచినీటి పొర తేలియుండును. లోతు బోరు వేసి గట్టిగా తోడినచో కింది ఉప్పు పైకి లేచును. అచ్చట దొరువులే మేలు. బాపట్ల పరిశోధన కేంద్రమువారు మెరుగుపరచిన పద్ధతిలో, భూమిలో అడ్డముగా వేసిన చిల్లుల గొట్టముల ద్వారా పైపొర నీటిని దొరువులోనికి మెల్లగా రాబట్టుదురు.

గ్రామాధికారులకు ఒక మాట. మురుగు నీటిని ఒక్కసారి పరీక్షించి అనుమతి చెప్పవద్దు. పోటు వేళ ఒక సీసా, ఆటు వేళ ఒక సీసా పట్టించుడు. ఒకే మురుగులో ఉదయము 2 ఇ.సి. ఉన్న నీరు సాయంత్రమునకు మూడు నాలుగింతలు కావచ్చును. చెరువుల నీరు వదలు రోజులలో మరల పరీక్షింపవలెను. సీసాపై తేది, వేళ, మురుగు పేరు వ్రాసి, వ్యవసాయ సహాయకునికి అందజేయుడు.