పరుపు ఎవరు మార్చాలి?



మహానంది ఇంట్లో మేడమీది వాటాలో ఉన్న దంపతులు కొత్త పరుపు అడుగుతున్నారనీ, ఫ్యాను తిరగనంటోందనీ, “వాడింది వాళ్లయితే మార్చేది నేనెందుకు?” అనీ రాశావు. మీ అమ్మ ఇంటి వ్యవహారం నీ చేతికి ఈ మధ్యే అప్పగించింది కదా, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

వాడింది వాళ్లే, కాదనను. వాడుకోవడానికే కదా నెలనెలా బాడుగ ఇస్తున్నారు! కాలేజీకో, గుడికో, అటవీ శాఖకో బదిలీ మీద వచ్చేవాళ్లు మూడేళ్ల ముచ్చటకు మంచాలూ బీరువాలూ మోసుకురాలేక సామాన్లున్న వాటా చూసుకుంటారు. ఉత్త గోడల వాటాకు వచ్చే బాడుగ కంటే మనకు నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చేది అందుకే. ఆ ఎక్కువే అరుగుదల ఖరీదు. దాన్ని ముందే పుచ్చుకుని, తీరా అరిగాక కొత్తది కూడా వాళ్లనే కొనమంటే ఒకే సరుకు రెండుసార్లు అమ్మినట్టు. వయసు మీద పడి పోయిన వస్తువు మన ఖాతా, చేతి మొరటుతనం వల్ల పోయింది వాళ్ల ఖాతా. ఏది ఏదో తేల్చడమే నువ్వు నేర్చుకోవాల్సిన పని.

ఇది నా సొంత ధర్మశాస్త్రం కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెప్పేదీ ఇదే. బాడుగకున్న మనిషి ఇల్లు ఎలా తీసుకున్నాడో అలాగే అప్పగించాలి గానీ, మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకూ, మనిషి అడ్డుకోలేని ఉపద్రవానికీ పూచీ లేదు. తన తప్పు వల్ల ఏదైనా పాడైతే మాత్రం ఇంటాయన నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో బాగు చేయించాలి. మన రాష్ట్రంలో 1960లో వచ్చిన బాడుగల నియంత్రణ చట్టమైతే, ఇంటాయన సమకూర్చిన ఫర్నిచర్‌నూ బిగించిన సామాన్లనూ ‘భవనం’ అన్న నిర్వచనంలోనే కలిపేసింది. అది మున్సిపాలిటీల కోసం పుట్టిన చట్టం. మహానందిలాంటి ఊరికి పాత 108వ సెక్షనే దిక్కుగా ఉండేది. 2017లో రాష్ట్రం బాడుగలకు కొత్త చట్టం చేసింది. ఒకటి గుర్తుంచుకో: 108వ సెక్షన్ మొదట్లోనే, ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ వేరుగా లేనప్పుడే ఈ నియమాలు అని రాసుంది. అంటే నువ్వు రాసుకునే కాగితానికి ఉన్న బలం తక్కువది కాదు.

సామాన్లతో ఇల్లిచ్చేవాడి పూచీ ఎంత దూరం పోతుందో ఇంగ్లండ్‌లో 1843లోనే ఒక కేసు తేల్చింది. బ్రైటన్‌లో సామాన్లున్న ఇల్లు తీసుకున్న సర్ థామస్ మారబుల్ కుటుంబం నల్లుల బాధ పడలేక గడువు నిండకముందే ఖాళీ చేసింది. ఇంటి యజమాని స్మిత్ మిగతా బాడుగ కోసం కోర్టుకెక్కాడు. సామాన్లతో ఇచ్చే ఇల్లు కాపురానికి పనికొచ్చేలా ఉండాలి, లేకపోతే వదిలి వెళ్లొచ్చు అంది కోర్టు. మంచం నల్లి ముందు సర్ బిరుదేం పనిచేస్తుంది!

ఇక పరుపు సంగతి. అది బూరుగుదూది పరుపు. ఏళ్ల తరబడి పడుకుంటే దూది ఉండలు కట్టి నడుమ గుంట పడుతుంది. దానికి ఎవరి తప్పూ లేదు. అది బరువు మోసిన గుర్తు. పారేయకు. దూదేకులవాళ్లు మన వైపు ఇంకా ఉన్నారు. విప్పదీసి ఏకించి, కొంచెం కొత్త దూది కలిపి కుట్టిస్తే ఇంకొన్నేళ్లు వస్తుంది. ఖర్చు నీదే. గలీబు ఉతుక్కోవడం, ఎండలో వేసుకోవడం వాళ్ల పని. అదే పరుపు ఇస్త్రీపెట్టె పెట్టి కాల్చారనుకో, అప్పుడు కూడా కొత్తదాని ధర మొత్తం అడగకూడదు. ఆరు వేలు పెట్టి కొన్న పరుపు ఆరేళ్లు వస్తుందని లెక్క వేసుకుందాం. నాలుగేళ్లు వాడాక కాలితే పోయింది రెండేళ్ల ఆయుష్షు, అంటే రెండు వేలు. ఆరు వేలూ లాగితే పాత పరుపు కాలినందుకు నీకు కొత్త పరుపు లాభం. అది న్యాయం కాదు.

ఫ్యానుకు కండెన్సర్ పోతే చిన్న ఖర్చు, వాళ్లే వేయించుకుంటారు. బేరింగులు అరిగినా వైండింగ్ కాలినా నువ్వు. కూలర్ గడ్డి ఏటా మార్చుకోవడం వాళ్ల వంతు. నలభై దాటే మన ఎండల్లో తొట్టిలో నీళ్లు చూసుకోకుండా వదిలేసి పంపు కాల్చితే అదీ వాళ్లదే. నవారు సాగిపోతే నీది, పిల్లలు ఎగిరి తెంపితే వాళ్లది. ఎండకు వెలిసిన కర్టెన్ల గురించి నోరెత్తకు.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా బాడుగ చట్టంలో ఇలాంటి పంపకాల జాబితా ఉంది. సున్నాలు, తలుపుల రంగులు, పైపులు, వైరింగు ఇంటాయనకు. కొళాయి వాషర్లు, స్విచ్‌లు, గీజర్ రిపేరు, తాళాలు, కిటికీ అద్దాలు ఉండేవాళ్లకు. దోమల జాలీ కూడా వాళ్లకే రాశారు. రాసినవాళ్లు నల్లమల కోతుల్ని చూసి ఉండరు! కోతి చింపిన జాలీకి వాళ్లను అడగొద్దు, ఈసారి ఇనుప జాలీ కొట్టించు. ఇంటాయన తన వంతు మరమ్మతు చేయించకపోతే బాడుగదారే చేయించుకుని, ఏ నెలలోనూ సగం బాడుగకు మించకుండా తగ్గించుకోవచ్చని కూడా ఆ నమూనాలో ఉంది. కాపురానికిచ్చే ఇంటికి అడ్వాన్సు రెండు నెలల బాడుగ దాటకూడదనీ అందులోనే ఉంది.

“మరి నాకేం మిగులుతుంది?” అంటావు. ఇంటి బాడుగ మీద ఆదాయపు పన్ను లెక్కగట్టేటప్పుడు మున్సిపల్ పన్ను, పంచాయతీ పన్ను లాంటివి పోను మిగిలినదాంట్లో 30 శాతం తీసేస్తారు. నువ్వు మేకు కొట్టించినా కొట్టించకపోయినా ఆ తగ్గింపు ఉంటుంది. ఇంటిమీద ఇంటాయన ఖర్చు పెడతాడని సర్కారే నమ్ముతుంటే మనం తప్పించుకోజూడటం బాగుండదు.

వాళ్లు తమ డబ్బుతో గీజర్ బిగించుకుంటామంటే సరేనను. వెళ్లేటప్పుడు విప్పుకుపోయే హక్కు వాళ్లది, గోడ మళ్లీ పూడ్చే బాధ్యతా వాళ్లదే.

ఈ తగాదాలన్నీ కాగితం లేకపోవడం వల్ల పుట్టేవే. మనవాళ్లు పదకొండు నెలల అగ్రిమెంట్ రాసి ఊరుకుంటారు. అందులో సామాన్ల ఊసే ఉండదు. వెనుక ఒక పేజీ జత చెయ్యి. వస్తువు పేరు, కొన్న సంవత్సరం, ధర, ఇచ్చిననాటి స్థితి, ఇంకా ఎన్నాళ్లు వస్తుందని ఇద్దరూ అనుకున్నారో రాయి. కొత్తగా వచ్చేవాళ్లతో అయితే చేరిన రోజే గది గది తిరిగి, ఫొటోలు తీసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో ఏది పట్టుకున్నా బిల్లు చూపించు.

ఇప్పుడున్న దంపతులకు ఆ పేజీ లేదు కాబట్టి అనుమానం ఉన్నచోట నువ్వే తగ్గు. దూది ఏకించేదాకా పడుకోవడానికి కింది గదిలో ఉన్న ఇంకో పరుపు వాళ్లకివ్వు. ఫ్యాను విప్పించి, పోయింది కండెన్సరో వైండింగో మెకానిక్‌తో వాళ్ల ముందే చెప్పించు. ఆ వెనుక పేజీ రాయడం అయ్యాక, సంతకాలకు ముందు నాకోసారి పంపు. బీరువా కొన్న సంవత్సరం మీ అమ్మకే గుర్తుంటుంది, అడిగి రాయి.

మీ మామయ్య