ముకర్రర్ – వన్స్ మోర్ : ఉర్దూ, తెలుగు రంగస్థలాల గానం

ముషాయిరాలో కవి ఒక షేర్ చదివి ఆగినప్పుడు సభలో నుండి "ముకర్రర్" అనే కేక వినవస్తుంది. మరొకమారు చదవమని దాని అర్థం. తెలుగు పద్యనాటకంలో నటుడు పద్యం ముగించి, రాగం తీసి నిలబడగానే పందిటిలో నుండి "వన్స్ మోర్" అనే కేక లేస్తుంది. మొదటిది అరబ్బీ నుండి ఉర్దూలోకి వచ్చిన మాట. రెండవది ఆంగ్లం నుండి బయలుదేరి తెలుగు పల్లెల తిరునాళ్ళ వరకు నడచి వచ్చిన మాట. ఆంగ్లంలో ఒక్క ముక్క రాని వృద్ధులు సైతం ఈ మాటను సొంత భాషలోని మాటవలెనే వాడుతారు. కోరిక రెంటికీ ఒక్కటే. విన్నది చాలలేదు, మళ్ళీ వినిపించమనడం.

మన కళాశాలలో ఉర్దూ మాతృభాషగా గలవారు, తెలుగు మాతృభాషగా గలవారు ప్రక్కప్రక్క తరగతులలో చదువుకొంటున్నారు. ముషాయిరా ఒకరిదని, పద్యనాటకం మరొకరిదని ఇరుపక్షాలవారూ భావిస్తూ ఉంటారు. మేము పరిశీలించిన మేరకు ఈ విభజన అంత సరియైనది కాదు. రంగస్థల గానం విషయంలో ఈ రెండు భాషలవారూ ఒకే పందిటి క్రింద కూర్చున్న కాలం ఒకటి ఉండినది. ఆ కాలపు పాట నేటికీ జనం నోట ఎందుకు నిలిచియున్నదో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లక్నోలో నవాబు వాజిద్ అలీ షా ఏలుబడిలో, 1850వ దశకం ఆరంభంలో, ఆగా హసన్ అమానత్ అనే కవి "ఇందర్ సభా" రచించాడు. అందులోని రాజు మన పురాణాలలోని దేవేంద్రుడే. అతని కొలువులో ఆడి పాడేవారు మాత్రం రంభా ఊర్వశులు కారు. పుఖ్రాజ్ పరీ, నీలం పరీ, లాల్ పరీ, సబ్జ్ పరీ. వీరిలో సబ్జ్ పరీ గుల్ఫామ్ అనే మానవ రాకుమారుని ప్రేమిస్తుంది. ఇంద్రుడు కోపించి అతనిని బావిలో వేయించి, ఆమె రెక్కలు కత్తిరించి వెళ్ళగొడతాడు. ఆమె జోగిని వేషం ధరించి, పాడుకొంటూ తిరిగి, చివరకు ఆ ఇంద్రుని కొలువులోనే పాడి మెప్పిస్తుంది. ఏమి కావాలో కోరుకొమ్మని అతడనగా గుల్ఫామ్‌ను కోరుకొంటుంది. యుద్ధం లేదు, వాదన లేదు. చిక్కుముడిని విప్పినది పాట ఒక్కటే. గజల్, ఠుమ్రీ, హోరీ, వసంత గీతాలు అన్నీ ఇందులో చేరినవి. పురాణపు ఇంద్రునికీ, పారసీక కథల పరీకీ ఒకే సభలో చోటు కల్పించిన ఈ నాటకం ఆ తరువాతి రంగస్థలానికంతటికీ మార్గం చూపినది.

బొంబాయిలోని పార్సీ నాటక కంపెనీలు ఈ పద్ధతిని అందిపుచ్చుకొన్నవి. తెరలు, దీపాలు, యంత్రాలతో కూడిన దృశ్యాలు వారి ప్రత్యేకత. జనాన్ని కట్టిపడవేసినది మాత్రం ఉర్దూ పాట. 1868లో ఏర్పడిన విక్టోరియా కంపెనీ 1870వ దశకపు తొలి సంవత్సరాలలోనే సాలార్‌జంగు హయాంలో హైదరాబాదుకు వచ్చి ప్రదర్శనలిచ్చినది. కోస్తా ప్రాంతానికి ఈ గాలి మరొక దారిన, ధార్వాడ నాటక సమాజం ద్వారా సోకినది. 1880లో ఆ సమాజం రాజమహేంద్రవరంలో ఆడి వెళ్ళిన తరువాతనే వీరేశలింగం పంతులు తమ విద్యార్థులచే నాటకాలాడించారు. ఆధునిక తెలుగు రంగస్థల ప్రదర్శనకు ఆద్యులు కళాశాల కుర్రవాళ్ళే కావడం మన పాఠకులకు సంతోషం కలిగించే విషయం.

ఇక్కడ ఒక విచిత్రాన్ని పేర్కొనవలసియున్నది. మచిలీపట్నంలో నాదెళ్ళ పురుషోత్తమ కవి 1880వ దశకంలో హిందుస్తానీలో నాటకాలు వ్రాశారు. ఒకటి రెండు కాదు, ముప్పదిరెండు. వాటిని వ్రాసినది తెలుగు లిపిలో, ఆడినది తెలుగువారు, చూచినది తెలుగువారు. పాటల నాటకమంటే హిందుస్తానీలోనే ఉండాలని జనం నమ్మిన రోజులవి! నేడు ఉర్దూ లిపి రాని తెలుగు విద్యార్థి, తెలుగు లిపి రాని ఉర్దూ విద్యార్థి ఒకరి వాచకాన్ని ఒకరు తెరచి చూడడానికి జంకుతారు గాని, నూటముప్పది ఏండ్లకు పూర్వమే బందరు కవి ఆ గోడకు తలుపు పెట్టియున్నాడు.

బళ్ళారిలో న్యాయవాదిగా ఉండిన ధర్మవరం కృష్ణమాచార్యులు 1886లో "చిత్రనళీయం" రచించి, ఆ పాటల రుచిని తెలుగు పద్యంతో జోడించారు. ఆయనను ఆంధ్ర నాటక పితామహుడన్నారు. ఆ కాలపు నాటక పుస్తకాలలో కొన్ని పాటలపై "పార్సీ మట్టు" అని అచ్చయి ఉండడం నేటికీ చూడవచ్చును. వరుస అక్కడిది, మాట ఇక్కడిది. హార్మోనియం పెట్టె కూడ ఈ మార్గముననే వచ్చి, మన రంగస్థలంపై కుడిప్రక్కన స్థిరపడినది. శాస్త్రీయ సంగీతజ్ఞులకు ఆ పెట్టె అంటే గిట్టదు. ఆకాశవాణి సైతం 1940 నుండి 1971 వరకు దానిని దూరంగా ఉంచినది. నాటకాలవారు మాత్రం ఒక్కరోజు కూడ దానిని విడువలేదు.

ఈ గానం స్వరూపమేమి? పద్యానికి తాళం లేదు. ఉత్పలమాలయో, మత్తేభమో, సీసమో ఛందస్సు నడకలోనే సాగుతుంది. నటుడు మొదట మాటలను స్పష్టంగా విడదీసి, భావం తెలిసేటట్లు చదువుతాడు. చివరి పాదంలో రాగాన్ని విస్తరింపజేస్తాడు. మోహన, కల్యాణి, కాపీ, బేహాగ్, భీంపలాస్ వంటి రాగాలు, కొన్ని దక్షిణాదివి, కొన్ని ఉత్తరాదివి, జంకు లేకుండా కలసిపోయినవి. షేర్ చదివే పద్ధతిని దీనితో పోల్చి చూడండి. మొదటి మిస్రాను కవి ఒకటి రెండు మార్లు చెప్పి, శ్రోతను ఎదురుచూడనిచ్చి, రెండవ మిస్రాలో భావాన్ని ముగిస్తాడు. రెండింటిలోనూ అర్థం చివరనే పండుతుంది. పండిన చోట శ్రోతకు నోరు విప్పే అవకాశమున్నది. మా అభిప్రాయంలో ఈ పాటల దీర్ఘాయువుకు మూలం ఇదియే. కథ నుండి విడదీసి మరల అడుగగలిగినంత చిన్నదిగా, విడదీసినను తనంతట తాను నిలువగలిగినంత పూర్ణంగా ఉన్న రచనయే ఇంటికి వెళ్ళే దారిలో కూడ మన వెంట వస్తుంది.

విమర్శకులు దీనిని దోషంగా ఎంచారు. భార్యను అమ్మబోవుచున్న హరిశ్చంద్రుడు పది నిమిషాలు రాగం తీయడమేమిటి, శ్రోతలు కోరిరని అమ్మిన భార్యను మరల అమ్మడమేమిటి అని పరిహసించారు. ఈ పరిహాసంలో నిజం లేకపోలేదు. రాగాల పోటీలో నాటకం నలిగిపోయిన రాత్రులు అనేకం. ఇద్దరు కృష్ణులు, ముగ్గురు అర్జునులు ఒకే నాటకంలో వంతులవారీగా వచ్చి పాడినప్పుడు కథ ఎక్కడున్నదో ఎవరికీ పట్టలేదు. అయితే శ్రోత కోరినది కేవలం గొంతును కాదనడానికి హరిశ్చంద్ర నాటకమే ఉదాహరణం.

ఈ కథ రెండు భాషలలోనూ ప్రసిద్ధమే. విక్టోరియా కంపెనీ కొరకు తాలిబ్ బనారసీ ఉర్దూలో హరిశ్చంద్ర నాటకం వ్రాశారు. తెలుగులో బలిజేపల్లి లక్ష్మీకాంతం 1912లో "సత్య హరిశ్చంద్రీయం" వ్రాశారు. నక్షత్రకుని పాత్రను తామే ధరించి మెప్పించారు. బందరు వాస్తవ్యులు డి. వి. సుబ్బారావు, ఆ తరువాతి తరంలో చీమకుర్తి నాగేశ్వరరావు హరిశ్చంద్రునిగా పేరొందారు. వారి కాటి సీను వినడానికి జనం బండ్లు కట్టుకొని వచ్చేవారు. వీరబాహునికి అమ్ముడుపోయి, కాటికాపరియై, చితుల నడుమ నిలిచిన రాజు పాడే పద్యాలవి.

ఆ సీనులో ఎంతోకాలంగా పాడుచున్న పద్యాలలో కొన్ని బలిజేపల్లివారివి కావు, గుఱ్ఱం జాషువావి. జాషువా తమ శ్మశాన పద్యాలను ఖండకావ్యంగా వ్రాశారే గాని ఈ నాటకం కొరకు వ్రాయలేదు. నటులే వాటిని తెచ్చి హరిశ్చంద్రుని నోట పెట్టారు. ప్రేక్షకులు వాటిని మళ్ళీ మళ్ళీ అడిగి అక్కడనే నిలిపివేశారు. అంటరానితనపు అవమానాన్ని జీవితమంతా భరించిన కవి, మరణం ముందర రాజు లేడు, పేద లేడు, కులం లేదు అని పలికిన భావాన్ని, సూర్యవంశపు రాజు కాటికాపరి వేషంలో పాడుచుండగా, ఏ కులపువారు ఆ కులపువారుగా విడివిడిగా కూర్చున్న ఊరి జనం అర్ధరాత్రి "వన్స్ మోర్" అన్నారు. మరునాడు ఊరు మారిపోయినదని మేము చెప్పము. కాని ఆ మాటను రెండవమారు వినాలని వారు కోరిన సంగతి సత్యం. సంస్కర్తల ఉపన్యాసాలకు ఇట్టి కోరిక ఎన్నడు కలిగినది? జాషువా యువకునిగా రాజమహేంద్రవరంలో మూకీ చిత్రాలకు తెర ప్రక్కన నిలిచి కథ చెప్పే కొలువు చేసియున్నారు. ప్రేక్షకుని నాడి ఆయనకు అప్పుడే తెలిసియుండవచ్చును.

గాయకుని పుట్టుకను శ్రోత అడుగడనడానికి షేక్ నాజర్ చరిత్ర సాక్ష్యం. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద ముస్లిం కుటుంబంలో జన్మించిన నాజర్, బాల్యంలో నాటకాలలో వేషాలు వేసి, సంగీతం నేర్చి, బుర్రకథకు జీవితం అంకితం చేశాడు. నడుమ తంబురాతో కథకుడు, ఇరువైపులా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. ఈ ముగ్గురే సైన్యాలు, ముగ్గురే కోటలు. ప్రజానాట్యమండలి వేదికపై బెంగాలు కరువును కథగా చెప్పినవాడు, పల్నాటి యుద్ధం చెప్పినప్పుడు బాలచంద్రుడే అయిపోయేవాడు. బాలచంద్రుని కొరకు కంట తడి పెట్టిన ఏ తల్లియు ఆ గొంతు ఎవరిదని శంకించలేదు. 1986లో ఆయనకు పద్మశ్రీ లభించినది, 1997లో మరణించాడు. తన జీవితకథకు ఆయన ఉంచిన పేరు "పింజారి". ఇతరులు చిన్నచూపుతో పిలిచిన కులనామాన్ని గ్రంథానికి మకుటంగా ధరించడానికి ఎంత నిబ్బరం కావాలో మన విద్యార్థులు ఆలోచించాలి.

సినిమా వచ్చి నాటకాన్ని చంపినదని తరచు వింటాము. చరిత్ర చూచిన, సినిమా నాటకం ఇంటిలోనే పుట్టినది. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్‌లో విడుదలైన "ఆలం ఆరా" పార్సీ నాటకానికి తెరరూపం. అందులో ఏడు పాటలు. మరుసటి ఏడు "ఇంద్రసభ" చిత్రంగా వచ్చినప్పుడు పాటలు దాదాపు డెబ్బది! 1932లో విడుదలైన "భక్త ప్రహ్లాద" మన తొలి పూర్తి తెలుగు టాకీ. నాటకాన్నే బొంబాయిలో చిత్రించారు. ఆలం ఆరాకు పనిచేసిన హెచ్. ఎం. రెడ్డి దర్శకులు, లీలావతి పాత్ర ధరించినది సురభి కమలాబాయి. 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో "కీచకవధ"తో మొదలైన ఆ కుటుంబ నాటక సమాజంలో స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించేవారు. తక్కిన సమాజాలలో అప్పటికి పురుషులదే ఆ పని. స్థానం నరసింహారావు సత్యభామగా నడచి వచ్చిన తీరును చూచి గృహిణులే నడక దిద్దుకొన్నారని చెప్పుకొంటారు.

ఆలం ఆరా చిత్రం ప్రతి ఒక్కటి కూడ నేడు దొరకదు. తెరపై తొలిసారి పాడిన ఫకీరు పాట పల్లవి మాత్రం పెద్దల నోట మిగిలినది. గ్రామఫోను రికార్డు ఒకవైపు సుమారు మూడు నిమిషాలే పలుకుతుంది గనుక రాగాల విస్తరణను గాయకులు కుదించవలసివచ్చినది. ఘంటసాల ఈ కుదింపునే గుణంగా మలచి, విజయనగరంలో నేర్చిన సంగీతాన్ని పద్యభావానికి లోబరచి, ఒక్క సాగదీత లేకుండ పాడారు. విమర్శకుల ఆక్షేపణకు మేమెరిగిన ఉత్తమ సమాధానం ఆయన గొంతే. అయినను సినిమా తెరను ఎవ్వరూ "వన్స్ మోర్" అని ఆపలేరు. ఆ అధికారం రంగస్థల శ్రోతకే చెల్లినది.

సురభివారు నేటికీ "మాయాబజార్" ఆడుతూనే ఉన్నారు. కాని ఆ కుటుంబాల పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోవుచున్నారు. పద్మశ్రీ పొందిన సురభి బాబ్జీ 2022లో గతించారు. మన పట్టణాలలో పద్యనాటకాలకు హార్మోనియం వాయించినవారు, పాత ఉర్దూ నాటకపు పాటలు కంఠస్థంగా ఉన్నవారు వృద్ధులై ఇంటి పట్టున ఉన్నారు. వారిలో కొందరు మన విద్యార్థుల తాతలే.

కళాశాల కమిటీవారికి మా మనవి రెండు మాటలలో ఉన్నది. వార్షికోత్సవంలో రికార్డు పాటలకు నృత్యాలు చేసే గంటలో సగం తగ్గించి, ఉర్దూ సంఘంవారు ఇందర్ సభాలోని జోగిని ఘట్టాన్ని, తెలుగు సంఘంవారు హరిశ్చంద్రుని కాటి సీనును ఒకే వేదికపై ఒకదాని తరువాత ఒకటి ఆడేటట్లు ఏర్పాటు చేయాలి. హార్మోనియం ఒక్కటి చాలును, వాయించేవారిని విద్యార్థులే తమ ఇండ్ల నుండి తీసుకొని రాగలరు. తెలుగు విద్యార్థులు ముందు వరుసలో కూర్చుని "ముకర్రర్" అనడం, ఉర్దూ విద్యార్థులు "వన్స్ మోర్" అనడం ఆ సాయంత్రానికి ముందుగా అభ్యాసం చేసికొనవచ్చును. సాధన ఆలస్యం లేకుండ ఆరంభించినచో డిసెంబరు నాటికి సిద్ధమగును.