తలక్రిందుల దండీ: అభ్యాసక్రమము, సామాన్యమైన పొరపాట్లు

నేలపై రెండు చేతులు ఊని, కాళ్లను నిటారుగా మీదికెత్తి, మోచేతులను వంచుచు తల నేలను తాకునంతవరకు దిగి, మరల చేతుల బలముతోనే పైకి లేచుట ఒక కఠినమైన వ్యాయామము. నేటి యువజనులు దీనిని హ్యాండ్‌స్టాండ్ పుషప్ అని పిలుచుచున్నారు. తాలింఖానాలలో దండీలు, బస్కీలు తీయుట ఎరిగిన మన ప్రజలకు తలక్రిందుల దండీ యనిన సులభముగా బోధపడును. చూచువారికి ఇది అద్భుతముగా తోచును. ఆ కారణముననే కాబోలు, దీనిని క్రమముగా నేర్చుకొనువారికంటె ఒకనాటి సాయంకాలము స్నేహితుల ఎదుట ప్రయత్నించి చూచువారే ఎక్కువ.

సామాన్యమైన దండీ తీయునపుడు చేతులు సడలినచో ఛాతీ నేలనంటును. అభ్యాసకుడు నవ్వుకొని లేచును. తలక్రిందుల దండీలో చేతులు సడలినచో మొట్టమొదట నేలకు తగులునది నడినెత్తి. శరీర భారమంతయు మెడలోని ఏడు వెన్నుపూసలమీదికి వచ్చును. ఆ పూసల నడుమనుండియే వెన్నుపాము సాగుచున్నది. అక్కడ దెబ్బ తగిలినచో కాలుసేతుల కదలికయే కాక ఊపిరి తీయు శక్తియు పోవచ్చును. కావున ఈ వ్యాయామమును నేర్చుకొనగోరువారు పైకి లేచుటకు ముందు క్రిందికి దిగుటను నేర్చుకొనవలెను. ఈ క్రమమును తారుమారు చేయుటయే తక్కిన పొరపాట్లన్నిటికిని మూలము.

బరువు లెక్క

నూరు దండీలు అవలీలగా తీయు యువకుడు తలక్రిందులై ఒక్కటియు తీయలేకపోవుట తరచు కనబడును. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. నేలపై దండీ తీయునపుడు శరీర భారములో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే చేతులపై పడును. తక్కినది కాలివేళ్లు భరించును. 60 కిలోల మనిషికి ఇది 40 కిలోలు. పాదములను 60 సెంటీమీటర్ల ఎత్తుగల బల్లపై నుంచినచో చేతుల భారము సుమారు నాలుగింట మూడు వంతులగును, అనగా 45 కిలోలు. తలక్రిందులైనపుడు ముంజేతులు, అరచేతులు తప్ప తక్కిన శరీరమంతయు, అనగా 57 కిలోల వరకు, చేతులే ఎత్తవలెను.

అంతేకాక పనిచేయు కండరములును మారును. నేలపై దండీలో ఛాతీ కండరములు పెద్దపాలు మోయును. తలక్రిందులైనపుడు ఆ భారము భుజశిరముపైని కండరమునకును, దండచేయి వెనుకటి కండరమునకును, రెక్క ఎముకను పైకి త్రిప్పి నిలుపు కండరములకును మారును. భుజపుకీలు శరీరములో అన్నిటికంటె ఎక్కువగా తిరుగు కీలు. ఆ స్వేచ్ఛకై అది స్థిరత్వమును వదలుకొన్నది. గుండ్రని ఎముకతల లోతులేని చిన్న పళ్లెమువంటి గుంటలో నిలిచియుండును. దానిని చుట్టుకొని పట్టియుంచునవి నాలుగు చిన్న కండరములు. అవి అలసినచో పెద్ద కండరముల బలము కీలును కాపాడజాలదు.

మరియొక సంగతి. కండరము కొన్ని వారముల సాధనతోనే బలపడును. కండరమును ఎముకకు బంధించు నారవంటి భాగములు బలపడుటకు నెలలు పట్టును. బలము వచ్చినదని సంతోషించి తొందరపడిన వారికి భుజమునందు, మోచేతియందు నొప్పి కలుగుటకు ముఖ్యకారణ మిదియే.

ఎవరు చేయరాదు

తలక్రిందులైనపుడు కంటిలోని పీడనము పెరుగును. శీర్షాసనములో అది దాదాపు రెండింతలగునని వైద్యపరీక్షలలో తేలినది. నీటికాసుల వ్యాధి గలవారును, కంటిపొర ఊడుటకు అవకాశమున్నదని వైద్యులు చెప్పినవారును ఈ వ్యాయామమును పూర్తిగా మానవలెను. అదుపులో లేని రక్తపుపోటు, గుండెజబ్బు, పూర్వము పక్షవాతము వచ్చినవారు, మెడపూసలు అరిగినవారు, ఎముకలు గుల్లబారినవారు, గర్భిణీ స్త్రీలు దీని జోలికి పోరాదు. నలువది ఏండ్లు దాటి కొత్తగా మొదలిడువారు ముందుగా రక్తపుపోటును, కన్నులను పరీక్ష చేయించుకొనుట మంచిది.

ఇది పురుషులకే తగినదని తలచుట మాత్రము సరికాదు. జిమ్నాస్టిక్స్ క్రీడలో చేతులపై నిలుచుట బాలబాలికల కిరువురకును తొలిపాఠములలో ఒకటి. 2016 రియో ఒలింపిక్స్‌లో వాల్ట్ పోటీయందు నాలుగవ స్థానము పొందిన దీపా కర్మాకర్, 2018 మెల్‌బోర్న్ ప్రపంచకప్ పోటీలలో అదే విభాగమున కాంస్య పతకము గెలిచిన హైదరాబాదు యువతి బుద్దా అరుణారెడ్డి అభ్యసించిన వాల్ట్‌లో, పరుగెత్తి వచ్చిన శరీరము ఒక్క క్షణము చేతులపై నిలిచి బల్లను త్రోసి లేచును. అట్టి నేర్పు చిన్ననాటినుండి శిక్షకుల కనుసన్నలలో, మెత్తని పరుపులపై, పడుట నేర్చిన పిమ్మట వచ్చునది.

అభ్యాసక్రమము

నేలపై ఇరువది దండీలు నడుము వ్రేలాడకుండ తీయగలిగిననే గాని రెండవ మెట్టునకు పోరాదు. అది చేతకానివారు 60 సెంటీమీటర్ల ఎత్తుగల అరుగుపై చేతులుంచి తీయవచ్చును. అప్పుడు చేతులపై పడు భారము శరీర భారములో సుమారు ఐదింట రెండు వంతులకు తగ్గును.

రెండవ మెట్టు గుడిసె ఆకారపు దండీ. పాదములును అరచేతులును నేలపై నుంచి, తుంటిని పైకెత్తి, శరీరము ఇంటికప్పువలె రెండు వాలులుగా నుండునట్లు నిలిచి, మోచేతులు వంచి తలను నేలకు దింపవలెను. తల చేతుల నడుమకు కాక, చేతులకు ముందు జానెడు దూరమునకు పోవలెను. అరచేతులు రెండును, తల తాకు చోటును కలిపిన ముక్కాలిపీట కాళ్లవలె మూడు మూలలు ఏర్పడవలెను. ఇది మిక్కిలి ముఖ్యమైన విషయము. తల చేతుల నడుమకే దిగినచో మోచేతులు ప్రక్కలకు విచ్చుకొనును, భుజపుకీలు నలుగును. ఈ దండీలు పది చక్కగా వచ్చిన పిమ్మట పాదములను పీటపైన, తరువాత బల్లపైన నుంచి అభ్యసింపవలెను.

మూడవది గోడ నానుకొని నిలుచుట. గోడకు ముఖము త్రిప్పి, పాదములను మెల్లగా గోడపై నడిపించుచు పైకెక్కి, చేతులను గోడకు దగ్గరగా తెచ్చి నిలువవలెను. ఒక్కతాపున కాళ్లు ఎగురవేయుటకంటె ఇది క్షేమకరము. ఎంతదూరము ఎక్కవలెనో అభ్యాసకుని వశములోనే యుండును. మోచేతులు బిగించి, భుజములను చెవులవైపునకు త్రోసి, ప్రక్కటెముకలను లోనికి తీసికొని 30 సెకండ్లు నిలువగలిగినపుడు ఈ పాఠము ముగిసినట్లు. సున్నపు గోడపై పాదముల జాడలు పడునని ఇంటివారు కోపించుట సహజము. ఒక పాత గుడ్డను గోడకు తగిలించిన ఆ చిక్కు తీరును, కాని గుడ్డ జారకుండ గట్టిగా కట్టవలెను.

దిగివచ్చుట కూడ ఇక్కడనే నేర్చుకొనవలెను. చేతులు వణకుట ప్రారంభింపగనే గోడమీదుగా పాదములను నడిపించుచు వెనుకకు రావలెను. శరీరము అవతలికి ఒరిగినచో ఒక చేతిని ముందుకు జరిపి, నడుమును ప్రక్కకు త్రిప్పి, బండిచక్రమువలె ఒక పాదమును, వెనువెంటనే రెండవ పాదమును నేలకు చేర్చవలెను. దీనిని అలసట లేనపుడు, మెత్తని పరుపు పరచుకొని, ప్రక్కన ఒకరుండగా అనేక పర్యాయములు చేయవలెను. భయములేక దిగగలిగినవాడే దండీకి అర్హుడు.

ఇప్పుడు గోడకు వీపు త్రిప్పి, చేతులను గోడకు జానెడు దూరమున నుంచి, మడమలు గోడను తాకునట్లు నిలిచి, దిగుటను మాత్రమే సాధన చేయవలెను. మనసులో ఐదు లెక్కించుచు, నిదానముగా, తల నేలను మెల్లగా స్పృశించునట్లు దిగి, కాళ్లు దించివేయవలెను. లేచుటకు ప్రయత్నింపరాదు. తొలిదినములలో తల క్రింద గట్టిగా మడిచిన కంబళ్లను దొంతరగా పేర్చి, దిగవలసిన దూరమును తగ్గించుకొనుట మేలు. దిగుట పూర్తిగా అదుపులోనికి వచ్చిన తరువాత, అంతే ఎత్తునుండి లేచుటకు ప్రయత్నింపవలెను. వారమునకో, రెండు వారములకో ఒక్కొక్క మడతను తీసివేయుచు పోయినచో ఒకనాటికి నేల అందును. దూదిదిండ్లు ఇందుకు పనికిరావు. తల వాటిలో కూరుకొనిపోయి మెడ వంగును.

మెడను గూర్చి

మనిషి తల బరువు సుమారు ఐదు కిలోలు. మెడ మోయుటకు ఏర్పడినది ఆ బరువునే. శీర్షాసనములో శరీర భారమున 40 శాతమునకు పైగా తలపై పడగలదని కొలతలవలన తెలిసినది. అందు శరీరము నిశ్చలముగా నుండును గదా. తలక్రిందుల దండీలో తల కదలుచు వచ్చి నేలను తాకును. వేగముతో తాకినచో ఆ భారము మరింత పెరుగును.

మెడకు సహజముగా వెనుకకు ఒక వంపు కలదు. బరువు పడినపుడు ఆ వంపు విల్లువలె కొంత సాగి ఒత్తిడిని పంచుకొనును. గడ్డమును ఛాతీవైపు కొద్దిగా వంచినచో ఆ వంపు పోయి పూసలన్నియు ఒక కర్రవలె నిలువుగా నిలుచును. అట్టి స్థితిలో నడినెత్తిపై దెబ్బ తగులుట పూసలు విరుగుటకు కారణమగునని క్రీడాప్రమాదములను పరిశీలించిన వైద్యులు గ్రహించినారు. కావున దిగునపుడు తన పాదములను చూచుకొనవలెనని గడ్డము వంచరాదు. నేలపై వ్రేళ్లకు కొంచెము ముందున్న ఒక చోటును చూచుచుండవలెను. మెడను వెనుకకు బలవంతముగా విరుచుటయు అంతే తప్పు. తల నేలను తాకిన క్షణమున కూడ బరువు చేతులపైననే యుండవలెను.

తరచుగా జరుగు పొరపాట్లు

కాళ్లను మడిచి ఒక్కసారి పైకి విదల్చి, ఆ ఊపుతో లేచుట కొన్ని పోటీలలో వాడుకలోనున్నది. బలము చాలనివారికి ఇది సులువైన దారిగా తోచును. ఊపు లేపినంత మాత్రమున దిగుటకు కావలసిన బలము చేతులకు రాదు. పది లెక్క పూర్తిచేయవలెనను పంతముతో అలసిన చేతులతో దిగువాడు ప్రతి పర్యాయమును తలతో నేలను కొట్టుచున్నాడన్నమాట. ఇంక ఒకటి రెండు తీయగల ఓపిక యుండగనే మానివేయుట నియమముగా పెట్టుకొనవలెను.

నడుమును విల్లువలె వంచుట మరియొక పొరపాటు. భుజములు పూర్తిగా పైకి సాగనివారి శరీరము ఆ లోటును నడుమువద్ద తీర్చుకొనును. ఇట్టివారు మరిన్ని దండీలు తీయుటకంటె భుజములను సాగదీయు అభ్యాసములు చేయవలెను.

మణికట్టును చాలమంది మరతురు. ఈ స్థితిలో అది దాదాపు లంబకోణముగా వెనుకకు వంగవలెను. చాలమంది మణికట్లు అంతవరకు వంగవు. ఐదు నిమిషములు మణికట్లను త్రిప్పి, వంచి, మోకాళ్లపై నుండి కొద్దికొద్దిగా బరువు మోపి సిద్ధపరచిన పిమ్మటనే మొదలిడవలెను. వ్రేళ్లను విప్పార్చి, వ్రేళ్ల మొదళ్లతో నేలను పట్టినట్లుంచిన బరువంతయు మణికట్టు మడతపై పడదు.

ఊపిరి బిగబట్టుటవలన రక్తపుపోటు ఒక్కసారిగా పెరుగును. దిగునపుడు పీల్చి, లేచునపుడు విడువవలెను. భోజనమైన పిమ్మట రెండు మూడు గంటలవరకు తలక్రిందులు కారాదు. నున్నని నాపరాతి బండలు, తడిగచ్చు, నూనె రాచుకొన్న చేతులు, జారుచాప: వీటిలో ఏ ఒక్కటియున్నను ఆనాటికి నేలదండీలే చాలును.

ప్రతిదినము చేయుట కూడ మంచిది కాదు. వారమునకు రెండు మూడు దినములు, నడుమ ఒకనాడైనను విరామము ఉండవలెను. అభ్యాసమునకు మరునాడు, ఆ మరునాడు కండరములు పచ్చిపుండువలె నొచ్చుట సహజము. కీలులో సూదిగ్రుచ్చినట్టి నొప్పి, చేతివ్రేళ్లలో తిమ్మిరి, మెడనుండి చేతికి ప్రాకు నొప్పి సహజములు కావు. అవి కనబడిన అభ్యాసమును నిలిపి వైద్యుని చూడవలెను. అలవాటులేని శరీరముతో ఒకేదినమున మితిమీరి దిగుట సాధన చేసినవారికి, అటుపిమ్మట మూత్రము తేనీటి రంగుగా మారినచో, కండరములు చితికి ఆ పదార్థము మూత్రపిండములకు చేరుచున్నదని గ్రహించి ఆలస్యము లేక ఆసుపత్రికి పోవలెను.

ప్రమాదము జరిగినపుడు

ఎవడైన తలపై పడి, మెడనొప్పి యనినను, చేతులు కాళ్లు మొద్దుబారిన వనినను, కదలలేకున్నను, చుట్టునున్నవారు చేయు తొలిపని వానిని లేవనెత్తి కూర్చుండబెట్టుట. అది చేయరాదు. మెడను సరిచేయ చూడరాదు, నీళ్లు త్రాగింపరాదు, ఆటోలో కూర్చుండబెట్టి తీసికొనిపోరాదు. పడినవాడు పడినట్లే యుండగా ఒకరు తలవైపు మోకరిల్లి, రెండు చేతులతో తలను ఇరుప్రక్కల కదలకుండ పట్టియుంచవలెను. మరియొకరు 108కి గాని 112కి గాని ఫోను చేయవలెను. ఊపిరి ఆగిపోయినపుడు మాత్రము ఆ ప్రాణరక్షణ చర్యయే ముందు. స్పృహయున్నవానితో మాటలాడుచు, తల త్రిప్పవద్దని మరల మరల చెప్పుచు, అంబులెన్సు సిబ్బంది మెడకు పట్టీ వేయునంతవరకు పట్టు విడువరాదు.